పది దినములలో పరభాష



గత వేసవిలో మా యూరి రచ్చబండకడ ఒక కరపత్రము చేతులు మాఱుచుండగా చూచితిని. పట్టణమున పదునైదు దినముల ఇంగ్లీషు శిబిరము జరుగుననియు, ఎనిమిదేండ్లు మొదలు పదునాలుగేండ్ల వఱకు గల పిల్లలను చేర్చుకొందురనియు, శిబిరము ముగియునప్పటికి వారు తడుముకొనక మాటలాడుదురనియు అందు పెద్ద అక్షరములతో నుండెను. రుసుము మాత్రము చిన్న అక్షరములతో నుండెను. వేరుసెనగ పండించు రైతొకడు దానిని నా చేతికిచ్చి, "అయ్యవారూ, పదైదు దినాల్లో ఇంగ్లీషు వస్తాదంట, నిజమేనా? మనవణ్ణి పంపించేదా వద్దా?" అని యడిగెను.

నేను ముప్పదియేండ్లకు పైగా తెలుగు పండితుడుగా బడిలో పనిచేసి విరమించినవాడను. ఇట్టి ప్రశ్నకు తెలుగు పండితుడు "వద్దు" అనునని యందఱు నెదురుచూతురు. ఆ రైతును అట్లే యెదురుచూచెను గాబోలు. కాని నాకు ఔననుటకు గాని కాదనుటకు గాని వెంటనే నోరు రాలేదు. పరభాషను కొలదికాలములో పిల్లలకు నేర్పుట అను ప్రయత్నము మన సీమలో ఎప్పుడు మొదలైనది, ఎవరికి ఫలించినది, ఎవరి నేమి చేసినది అని వెదకుచు పోగా నాకు దొరకినదానిని నేడు మీకు విన్నవింతును. నా స్వంత తప్పిదమొకటి కూడ అందు కలదు. దానిని దాచను.

మన దేశమున పరభాషను త్వరగా నేర్చుకొనవలసిన యగత్యము మొదట తీవ్రముగా కలిగినది మనకు గాదు, తెల్లవారికే. కుంపిణీ కొలువునకు సీమనుండి దిగిన పదునెనిమిది, పందొమ్మిదేండ్ల పడుచువాండ్రకు ఇచటి రైతు మొఱ తెలియదు, కరణము లెక్క తెలియదు. వారికి దేశభాషలు నేర్పుటకై 1812లో చెన్నపట్టణమున సెయింటు జార్జి కోట కళాశాల యేర్పడెను. అచట మన పండితులు, మునిషీలు గురువులు; దొరబిడ్డలు శిష్యులు. పరీక్ష నిచ్చి తీరవలెను. చార్లెసు ఫిలిప్పు బ్రౌను 1817లో తన పందొమ్మిదవయేట చెన్నపట్టణమున దిగి, ఆ కళాశాలలో తెలుగు చదివి, 1820లో కడపకు ఉద్యోగియై వచ్చెను. మూడేండ్ల చదువు అది. అయినను ఆయన వేమన పద్యముల నింగ్లీషు చేసి ప్రకటించుటకు 1829 వఱకు, తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించుటకు 1852 వఱకు పట్టినది. మూడేండ్లలో పరీక్ష నెగ్గవచ్చును. భాష వచ్చుటకు ముప్పదియైదేండ్లు పట్టెనన్నమాట. ఆయన కడపలో తన యింట పండితులను పెట్టుకొని, వారికి జీతము లిచ్చి, వ్రాతప్రతులు సరిచూపించుచు గడపిన సంవత్సరములే ఆయనకు నిజమైన బడి యని నా యభిప్రాయము.

ఆ కాలముననే ఇంగ్లీషు మన పిల్లలవైపు నడచి రాసాగెను. సర్ తామసు మన్రో 1822లో చెన్నరాజధానిలోని బడులనెల్ల లెక్కింపజేసెను. 1826 నాటి ఆయన నివేదికలో 12,498 బడులు కలవని తేలినది. ప్రతి కలెక్టరు ముఖ్యపట్టణమునందును, ప్రతి తహసీలునందును సర్కారు బడి పెట్టవలెనని ఆయన తలపెట్టెను గాని, 1827లో పత్తికొండకడ వాంతిభ్రాంతిచే కాలధర్మము నొందెను. మన చిత్తూరు అప్పుడు ఉత్తరార్కాటు జిల్లాకు ముఖ్యపట్టణము. 1835లో మెకాలే పత్రము, 1854లో వుడ్డు దొర తాఖీదు, 1857లో చెన్నపురి విశ్వవిద్యాలయము ఒకదాని వెంట నొకటి వచ్చిన పిమ్మట, కచేరీలో కుర్చీ కావలెనన్న ఇంగ్లీషు కావలెనను మాట పల్లెపల్లెకు ప్రాకినది. ఈ భాగము మీ రందఱు నెఱిగినదే గనుక ఇంతతో విడుతును.

మన సీమలో ఇంగ్లీషు నేర్చి లోకప్రసిద్ధి గాంచినవారు మువ్వురు కలరు. మువ్వురును ఒకే తరమువారు, తెలుగిండ్లలో పుట్టినవారు. ఆ మువ్వురికిని ఇంగ్లీషు వచ్చిన తోవలు వేఱు. వచ్చినపిదప వారి తెలుగు గతియును వేఱు.

మొదటివారు కట్టమంచి రామలింగారెడ్డిగారు. 1880లో చిత్తూరుకడ కట్టమంచిలో పుట్టి, చెన్నపట్టణపు క్రైస్తవ కళాశాలలో చదివి, 1902లో కేంబ్రిడ్జి చేరి, అచటి విద్యార్థుల వాదసభలో తెల్లవారితో సమానముగా వాదించిన వక్త. అట్టివాడు కళాశాల విద్యార్థిగా నున్నపుడే "ముసలమ్మ మరణము" అను తెలుగు కావ్యమును రచించెను. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ప్రథమ ఉపాధ్యక్షుడయ్యెను. ఆయనకు ఇంగ్లీషు తెలుగుపై కట్టిన మేడవంటిది, పునాది కదలలేదు.

రెండవవారు సర్వేపల్లి రాధాకృష్ణగారు. 1888లో తిరుత్తణిలో జననము. తిరుత్తణి 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినది మొదలు 1960 వఱకు మనదిగానే యుండి, ఆపైన మద్రాసు రాష్ట్రమునకు పోయినది, పెద్దలకు జ్ఞాపకముండును. ఆయన 1896 మొదలు 1900 వఱకు చదివినది మన తిరుపతిలోని లూథరను మిషను బడి. ఇందొక చిత్రము కలదు. ఆ మిషను జర్మనీలోని హెర్మన్సుబర్గు అను నూరినుండి వచ్చినది. ఇంగ్లీషు ఆ దొరలకును మాతృభాష గాదు! నేర్చుకొన్నవాడే నేర్పినచో శిష్యుడు తప్పెక్కడ చేయునో గురువునకు ముందే తెలియునని నేను బడిలో చూచిన సంగతి. అచట నాలుగేండ్లు, తరువాత వేలూరున నాలుగేండ్లు, ఆపైన చెన్నపురి క్రైస్తవ కళాశాల. ఇట్లు మెట్టుమెట్టుగా నెక్కిన యా విద్యయే ఆయనను 1936లో ఆక్సుఫర్డు ఆచార్యపీఠమున కూర్చుండబెట్టినది. ఇందు శిబిరమును లేదు, మంత్రమును లేదు. దినదినము బడికి పోవుటయే.

మూడవ కథయే నన్ను ఎక్కువకాలము నిలిపినది. జిడ్డు కృష్ణమూర్తిగారు 1895 మే నెలలో మదనపల్లెలో పుట్టిరి. మదనపల్లె అప్పుడు కడప జిల్లాలోనిది. 1911లో మనతో చేరినది. 2022లో మరల మననుండి వేఱైనది. తండ్రి నారాయణయ్యగారు రెవిన్యూ ఉద్యోగి. తల్లి సంజీవమ్మ 1905లోనే పోయినది. తండ్రి ఉద్యోగము విరమించి 1909 జనవరిలో పిల్లలతో చెన్నపట్టణముకడ అడయారునకు, దివ్యజ్ఞాన సమాజమువారి కొలువునకు చేరెను. కృష్ణమూర్తి బడిలో మందమతి యనిపించుకొన్నవాడు. పాఠము రాదు, అడిగినదానికి జవాబు రాదు. బెత్తపు దెబ్బలు మాత్రము ప్రతిదినము వచ్చును. ఆ యేడు లెడ్బీటరు దొర ఆ బాలునందు ఏదో మహత్తు చూచితిననెను. ఆ నమ్మకము సంగతి నే నిచట విచారింపను. నాకు కావలసినది ఆ తరువాతి యాఱు మాసములు.

ఆ దొర తండ్రిని ఒప్పించి పిల్లలను బడి మాన్పించెను. కృష్ణమూర్తికి పదునాలుగేండ్లు, తమ్ముడు నిత్యానందునకు పదునొకండు. అడయారు తోటలోనే వారికి పాఠములు మొదలయ్యెను. లెడ్బీటరు గాక ఎర్నెస్టు వుడ్డు, డిక్కు క్లార్కు మొదలగువారు గురువులు. అన్నిటికంటె ముఖ్యమైన పాఠము ఇంగ్లీషు. ఏలన, సమాజాధ్యక్షురాలగు అనీబెసెంటమ్మ సీమనుండి నవంబరులో తిరిగివచ్చును. ఆమెతో పిల్లలు మాటలాడవలెను. పుస్తకముకడనే గాక, ఈతకు పోయినను, సైకిలు నేర్చినను, టెన్నిసు ఆడినను, అన్నము తినినను చుట్టును ఇంగ్లీషే. బడిలో మందమతి యనిపించుకొన్న యా పిల్లవాడు, బెత్తము లేని యా తోటలో, నవంబరు నాటికి ఆమెతో కొంత మాటలాడెను. ఆ సంవత్సరాంతమునకు ఆమెకు ఇంగ్లీషున ఉత్తరము వ్రాసెను. కరపత్రములు వేయువారికి ఈ కథ తెలియదు గాని, తెలిసినచో దానినే అచ్చువేసియుందురు.

అయితే తక్కిన కథయును వినవలెను. 1910 డిసెంబరులో ఆ బాలుని పేర ఒక ఇంగ్లీషు పుస్తకము వెలువడెను. ఏడాదిన్నర క్రిందట అక్షరములు కూడబలుకుకొన్న పిల్లవాడు ఇంత చక్కని ఇంగ్లీషు ఎట్లు వ్రాయునని ఆనాడే పలువురు సందేహించిరి. ఆ చిక్కు నేటికిని తీరలేదు. 1911లో సోదరులను సీమకు గొనిపోయిరి. తండ్రి తన బిడ్డలను తన కిమ్మని న్యాయస్థానమున కెక్కి, ఇచట గెలిచి, 1914లో లండను ప్రీవీ కౌన్సిలున ఓడిపోయెను. సీమలో పెద్దవాడు లండను విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్ష ఒకటికి మించి మారులు తప్పెను, తమ్ముడు నెగ్గెను. ఆ తమ్ముడును 1925లో క్షయచే మరణించెను. అన్నగారు ఇంగ్లీషున మాటలాడుచు ప్రపంచమంతయు తిరిగి, 1986లో అమెరికాలోని ఓహాయిలో గతించిరి. పదునాలుగేండ్ల వఱకు ఆయన నోట నున్న తెలుగు ఆయనకు తిరిగి రాలేదు, మఱచిపోయిరి.

మదనపల్లెకు దగ్గఱలో, పెద్ద మఱ్ఱిచెట్టు గల లోయలో, ఆయన పేర వెలసిన ఋషివ్యాలీ పాఠశాల మీలో కొందఱు చూచినదే. ఆయన అచటికి పలుమార్లు వచ్చి పిల్లలతో మాటలాడుచుండిరి, అదియు ఇంగ్లీషుననే. పుట్టిన యూరికి ఇంత చేరువలో, ఎదురుపడిన గొల్లవాడు పలుకరించినచో తన తల్లి మాటలే తనకు పరభాషగా వినబడుట ఎట్టిదో నే నూహింపజాలను. ఆయన దానికై వగచెనో లేదో నేను చెప్పజాలను. నాకు మాత్రము చదివినపుడు కడుపులో కలుక్కుమన్నది. ఆ లోయలోనే తరువాతి కాలమున, చుట్టుపల్లెల పిల్లల కొఱకు చిన్న చిన్న బడులు పెట్టి, పాఠములను బొమ్మల చీట్లుగా విడదీసి నేర్పు పద్ధతి యొకటి పుట్టి దేశమంతట ప్రాకినది. ఆ చీట్లు మొదట వ్రాయబడినది తెలుగున. ఇది చెప్పకపోయిన లోయకు అన్యాయము చేసినవాడ నగుదును.

మదనపల్లె విడుచుటకు ముందు ఇంకొక మాట. 1915లో బెసెంటమ్మ అచట కళాశాల పెట్టెను. దానికి ప్రిన్సిపాలుగా నుండిన జేమ్సు కజిన్సు ఐర్లండు దేశీయుడు, కవి. 1919లో రవీంద్రనాథ ఠాగూరుగారు ఆయన యింట విడిసి, "జనగణమన"ను పాడి వినిపించి, వంగభాష రానివారి కొఱకు తామే దాని నింగ్లీషు చేసిరి. కజిన్సు భార్య మార్గరెట్టమ్మ స్వరము వ్రాసికొనెను. వంగభాషలోని పాట తెలుగు గడ్డపై ఇంగ్లీషున అర్థము చెప్పుకొనవలసి వచ్చెను. ఇంగ్లీషువలన మనకు కలిగిన మేలు ఇట్టిది. దానిని కాదనువాడు కృతఘ్నుడు.

ఆ కజిన్సు పుట్టిన ఐర్లండు సంగతి వింతగా నుండును. అచటి ప్రజల సొంతభాష ఐరిషు. పందొమ్మిదవ శతాబ్దమున బడులు, ఉద్యోగములు, కఱవు, వలసలు కలిసి దానిని సముద్రపుటంచుల పల్లెలకు నెట్టివేసినవి. అప్పుడు కొందఱు మేల్కొని, 1904లో కార్కు మండలమున బాలింగియరి అను పల్లెలో వేసవి కళాశాల యొకటి తెఱచిరి. పట్టణముల వారు సెలవులలో అచటికి పోయి, ఐరిషు మాటలాడు పల్లెవారి నడుమ నుండి, తమ తాతల భాషను నేర్చుకొనిరి. తరువాత అట్టివి పెక్కు వెలసినవి. నేటికిని వేసవి వచ్చిన పిల్లలు అట్టి చోట్లకు పోయి, పల్లెవారి యిండ్లలోనే దిగి నేర్చుకొనుచుందురు. కొలదిదినముల భాషాశిబిరమునకు ఇంతకంటె గట్టి పూర్వికుడు నాకు కనబడలేదు. అది పరభాష కొఱకు పుట్టినది గాదు. పోగొట్టుకొన్న సొంతభాష కొఱకు పుట్టినది.

ఇట్టి శిబిరమున నేను స్వయముగా కూర్చుంటిని. ఇంగ్లీషున గాదు, సంస్కృతమున. శబ్దమంజరి, అమరము, బాలవ్యాకరణము కంఠస్థము చేసి, పంచకావ్యములు చదివి పండితుడ నైనవాడను. 1961లో సంస్కృత విద్యాపీఠము నెలకొన్న తిరుపతిలో, వీథికొక శాస్త్రిగారున్న కాలమున తిరిగినవాడను. అయినను నన్నెవరైన సంస్కృతమున "భోజనమైనదా" అని యడిగిన, వ్యాకరణము తలచుకొనుచు నిలుచుండుటయే గాని జవాబు వచ్చెడిది గాదు. 1981లో బెంగుళూరున సంస్కృత సంభాషణోద్యమము మొదలయ్యెను. దినమునకు రెండు గంటలు, పది దినములు. పుస్తకము లేదు, అనువాదము లేదు. కొన్నియేండ్ల పిమ్మట అట్టి శిబిరమొకటి మాకడ జరుగగా, నవ్వుకొనుచు పోయితిని. మూడవ దినమున నాకు నోరు పెకలినది. పదవ దినమున ఎదుటివానితో మామిడికాయల ధర గుఱించి వాదులాడితిని! నా ప్రక్కను కూర్చున్నవాడొక అంగడివాడు, సంస్కృతము ఎన్నడు చదువనివాడు. వాడును నాతోపాటు నవ్వుచు కొన్ని మాటలు పలికెను. కాని ఏడాది గడచినపిదప చూడగా నాకు నిలిచినది. వానికి పది మాటలు మిగిలినవి.

చెఱువు తూము మీ రెఱిగినదే. నీరున్న చెఱువునకు తూమెత్తిన చేను తడియును. ఎండిన చెఱువునకు ఎంత మంచి తూము పెట్టినను గాలి వచ్చును. నాలో పన్నెండేండ్ల నీరు నిలిచి యుండెను. ఆ శిబిరము తూమెత్తినది. అంగడివాని చెఱువున నీరు లేదు. పది దినముల పని నీరు పోయుట గాదు.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత సర్కారులు కూడ స్వల్పకాలపు శిక్షణను నమ్ముకొనినవి. 1958లో హైదరాబాదున కేంద్ర ఆంగ్లభాషా సంస్థ స్థాపితమైనది. మద్రాసు రాష్ట్రమున 1960 ప్రాంతమున ఇంగ్లీషు మొదలుపెట్టు తరగతుల 27,000 మంది ఉపాధ్యాయులకు క్రొత్తపద్ధతి నేర్పదలచి, మొదట కొందఱికి నేర్పి, వారిచే మఱికొందఱికి, వారిచే ఇంకను కొందఱికి నేర్పించిరి. మంచుముద్ద దొరలుచు పెద్దదగునట్లని దానికి పేరు. మన యెండలకు మంచుముద్ద దొరలినచో ఏమగునో చెప్పనక్కఱలేదు. మొదటివానికి నూఱుపాళ్లు తెలిసినది చివరివానికి ఎన్నిపాళ్లు చేరును? నేను 1970 దాటిన పిమ్మట ఆఱవ తరగతిలో ఆ పద్ధతిచేతనే ఇంగ్లీషు మొదలుపెట్టితిని. మా అయ్యవారు పెన్ను ఎత్తి "దిస్ ఈజ్ ఎ పెన్" అనును. మేము నలువది మందిమి అరచెదము. అది పెన్నని మాకు ముందే తెలియును. తెలిసినదానిని ఏల చెప్పవలెనో మాత్రము తెలియదు. 1979 మొదలు అయిదేండ్లపాటు బెంగుళూరు, మద్రాసు బడులలో ప్రభు అను నాయన చేసి చూపిన ప్రయత్నము దీనికి ఎదురు. పిల్లలకు రైళ్ల వేళల పట్టిక యిచ్చి, ఫలానా యూరికి ఎప్పుడు చేరుదుమని ఇంగ్లీషున అడుగుట. లెక్క తేల్చు తొందరలో పిల్లవాడు భాషను మఱచి భాషను నేర్చుట. ఈ రెండవది నాకు నచ్చినది.

ఇక నా తప్పిదము.

2009 వేసవిలో పొరుగూరి బడిలో పది దినముల ఇంగ్లీషు శిబిరము జరిగినది. పది, పండ్రెండేండ్ల పిల్లలు నలువది మంది. పాఠములు చెప్పువారు వేఱు. క్రమశిక్షణ నా వంతు. తెలుగు పండితుడు ఇంగ్లీషునకు అడ్డుపడునను మాట రాకూడదని నాకొక పంతము పట్టినది. ఆ పంతముతో నేనే ఒక నియమము సూచించితిని: శిబిరమున తెలుగు మాట పలికినవాని మెడలో ఒక అట్టముక్క వేయుదము, వాడు మఱియొకనిని పట్టియిచ్చు వఱకు అది వానిదే, సాయంకాలము ఎవని మెడలో నున్న వానికి శిక్ష. అందఱును మెచ్చుకొనిరి. మొదటి మూడు దినములు బడి నిశ్శబ్దముగా నుండెను. దానిని నేను క్రమశిక్షణ యనుకొంటిని.

నాలుగవ దినమున ఒక పిల్లవాడు ఉదయమునుండి గోడకు ఆనుకొని కదలక కూర్చుండెను. మధ్యాహ్నము అన్నమునకు లేవలేదు. సాయంకాలము వాని తల్లి వచ్చి చూడగా కుడికాలు గుమ్మడిపిందెవలె వాచియున్నది. వచ్చుచు దారిలో తుమ్మముల్లు త్రొక్కినాడు. అది లోపలనే విఱిగినది. ముల్లునకు ఇంగ్లీషున ఏమందురో వానికి తెలియదు. తెలుగున చెప్పిన మెడలో అట్ట పడును. అందుచేత చెప్పలేదు. తల్లి నన్ను తిట్టలేదు. కాలు ఒడిలో పెట్టుకొని, తల యెత్తకయే, "ముల్లు గుచ్చుకుంటే ఏ బాసలో ఏడవల్ల సామీ?" అని యడిగినది. నలువది వేల శ్లోకములు చదివినను ఆ ప్రశ్నకు నాకడ జవాబు లేకపోయెను. ఆసుపత్రిలో ముల్లు తీసిరి. వానికి వారము దినములకు నయమైనది. ఆ అట్టముక్కను ఇంటికి తెచ్చుకొంటిని. అది నేటికిని నా అమరకోశపు పుటల నడుమ నున్నది.

తరువాత చదువగా తెలిసినది, ఆ యూహ నాది గాదని. వేల్సు దేశమున పందొమ్మిదవ శతాబ్దపు బడులలో సొంతభాష పలికిన పిల్లవాని మెడలో 'డబ్ల్యూ', 'ఎన్' అను రెండక్షరములు చెక్కిన కొయ్యముక్క వ్రేలాడదీసెడివారు. అదియు ఒకరి మెడనుండి ఒకరి మెడకు మాఱి, దినాంతమున ఎవనికడ నున్న వానికి దెబ్బలు. ఐర్లండున అట్టిదే ఒక కఱ్ఱ. పలికిన ప్రతి ఐరిషు మాటకు దానిపై ఒక గాటు. ఆ గాట్ల కఱ్ఱలున్న దేశముననే తరువాత సొంతభాషకై వేసవి కళాశాల పెట్టవలసి వచ్చినది. ఈ రెండును చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మఱుసటి వేసవిలో మరల శిబిరము జరిగినపుడు, నే నొక మాట కోరి యొప్పించితిని. మొదటి దినమున పాఠము లేదు. ఇంగ్లీషున ఏమి చెప్పవలెనని మీకున్నదో తెలుగున చెప్పుడని పిల్లల నడిగితిమి. ఒకతె, తిరుమలకు పోవు ఉత్తరదేశపు యాత్రికుడు దారి యడిగిన చెప్పవలెనన్నది. ఒకడు, బెంగుళూరినుండి టమాటాలకు వచ్చు వర్తకునితో బేరమాడవలెనన్నాడు. ఆ ముల్లు గుచ్చుకొన్న పిల్లవాడును వచ్చెను. వాడు, "నా కాల్లో ముల్లు ఇరిగింది" అనుటకు ఏమనవలెనని యడిగెను. అందఱును నవ్విరి; వాడును నవ్వెను. ఆ వాక్యమే ఆ శిబిరమున మొదటి పాఠమైనది. తరువాత రేణిగుంట జంక్షను రైళ్ల పట్టిక తెచ్చి, ఎవరు ఎక్కడికి పోవుదురో, ఎన్ని గంటలకో తేల్చుకొనుడని యిచ్చితిమి. పది దినములకు ఎవరును అనర్గళముగా మాటలాడలేదు. కాని ఇంగ్లీషు విన్నంతనే తల దించుకొను అలవాటు చాలమందికి పోయినది. ఆపైని బడి తెఱచినప్పుడు ఇంగ్లీషు అయ్యవారు, ఈ పిల్లలు ప్రశ్న లడుగుచున్నారని నాతో చెప్పిరి.

బడులలో ఏ భాషలో చదువు చెప్పవలెనను వివాదము మీరు పత్రికలలో చదివినదే. 2019 నవంబరులో సర్కారు ఇంగ్లీషు మాధ్యమమున కుత్తరువు లిచ్చుటయు, 2020 ఏప్రిలులో హైకోర్టు వానిని కొట్టివేయుటయు జరిగినవి. అది పెద్ద ప్రశ్న. నా రైతు అడిగినది చిన్న ప్రశ్న. జవాబు చెప్పక తప్పదు.

నేను వానితో నిట్లంటిని. "పదైదు దినములలో భాష రాదు. అడయారున ఆఱు నెలలు, పగలు రాత్రి, ఇద్దఱు పిల్లలకు నలుగురైదుగురు గురువులుండగా కొంత వచ్చినది. వచ్చినపుడు పోయినదేమో నీకు చెప్పితిని. బడిలో ఏడాది పొడుగున ఇంగ్లీషు చదువుచున్న పిల్లవానికి మాత్రము సెలవులలో పది దినములు నోరు తెఱపించిన మేలే. పంపునప్పుడు అచటివారిని ఒక మాట అడుగుము: పిల్లవానికి కడుపునొప్పి వచ్చిన తెలుగున చెప్పనిత్తురా? చెప్పనీయమన్నచో రుసుము మిగుల్చుకొనుము." వాడు అట్లే పోయి అడిగినాడట. అచట కుర్చీలో నున్నవాడు, తెలుగు పలికిన జరిమానా యని గొప్పగా చెప్పినాడట. వీడు కరపత్రమును మడిచి, వేరుసెనకాయలు పొట్లము కట్టించుకొని ఇంటికి వచ్చినాడు.

ఈ వేసవి మా బడి వరండాలో సాయంకాలము రెండు గంటలు పిల్లలు కూడుచున్నారు. మా యూరి ఆడపిల్ల యొకతె, బి.ఏ. చదివినది, ఇంగ్లీషు చెప్పుచున్నది. నాకు ఆ భాషలో ఉచ్చారణ సరిగా రాదు గనుక నేను నోరెత్తను. వాకిట కూర్చుండి, వారు చెప్పదలచినదానిని ముందు తెలుగున పూర్తిగా చెప్పుచున్నారా, సగము మ్రింగుచున్నారా యని వినుచున్నాను. రైతు మనవడు నిన్న వఱకు నాలుగు దినములు వచ్చినాడు. అయిదవ దినము రాలేదు. తోటలో మామిడి కోత యట.